రేడియేషన్ వేరు, రేడియోధార్మిక పదార్థం వేరు: పిన్ని మింగిన మాత్ర నుంచి తుమ్మలపల్లె దాకా

పిన్నికి థైరాయిడ్ క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక, ఎక్కడైనా మిగిలిపోయిన కణాలుంటే వాటిని చంపడానికి రేడియో అయోడిన్ ఇవ్వాలన్నారు. ఆ రోజు ఆస్పత్రికి నేనే తీసుకెళ్లాను. మందు తెచ్చినావిడ దాన్ని చేత్తో పట్టుకుని రాలేదు. బరువైన సీసపు డబ్బాను బండి మీద తోసుకొచ్చింది. మూత తిప్పి, లోపలున్న ఒకే ఒక్క క్యాప్సూల్‌ని చిన్న కప్పులోకి ఒంపి, ‘‘నమలకుండా మింగేయండమ్మా’’ అని చెప్పి చప్పున వెనక్కి జరిగింది. ఆ తర్వాత మూడు రోజులు ఆ గదిలో పిన్ని ఒక్కతే. ఇంటికి పంపే రోజు ఒకాయన చిన్న పరికరం పట్టుకుని ఆమెకు సరిగ్గా మీటరు దూరంలో నిలబడ్డారు. తెరమీది అంకె చూసి, కాగితం మీద రాసుకుని, ‘‘ఇక బయల్దేరొచ్చు’’ అన్నారు. కడుపుతో ఉన్న కోడలికీ, చిన్న మనవడికీ కొన్నాళ్లు దూరంగా ఉండమన్నారు. బాత్రూమ్ విడిగా వాడమన్నారు, వాడిన ప్రతిసారీ రెండుసార్లు నీళ్లు వదలమన్నారు.

అదే వారంలో బాబాయికి కడుపునొప్పి వస్తే సీటీ స్కాన్ తీశారు. ఇంట్లోవాళ్లు ఆయన్ని కూడా వేరే గదిలో పడుకోబెట్టారు. మనవణ్ణి గుమ్మం దాటనివ్వలేదు. ఇదేంటని అడిగితే, ‘‘మీ బాబాయిక్కూడా రేడియేషనే కదరా పెట్టింది?’’ అంది పెద్దమ్మ.

పిన్ని విషయంలో ఆ జాగ్రత్త తప్పనిసరి. బాబాయి విషయంలో దానికి అర్థమే లేదు. ఎందుకన్నది పెద్దమ్మకు చెప్పడానికి నాకు ఒక పూట పట్టింది. ఈ వ్యాసం ఆ పూట కూర్చుని చెప్పినదానికి పొడిగింపే.

ఇది ఒక్క మా ఇంటి గందరగోళం కాదు. 2019లో నల్లమలలో యురేనియం అన్వేషణ మీద ఆందోళన రేగినప్పుడు, ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ తవ్వకాలకు వ్యతిరేకంగా తీర్మానం చేసినప్పుడు, మళ్లీ 2024 చివర్లో కర్నూలు జిల్లా కప్పట్రాళ్ల అడవిలో బోర్లు వేస్తారన్న వార్త వచ్చినప్పుడు ఇవే రెండు మాటలు ఎదురెదురుగా వినిపించాయి. ఆ రాయి ముట్టుకుంటేనే చస్తారని ఒకరు, అరటిపండులోనూ రేడియేషన్ ఉంది కాబట్టి భయమెందుకని ఇంకొకరు. రెండు మాటలూ వస్తువునీ, దాన్నుంచి వచ్చే కిరణాన్నీ, అది ఒంట్లోకి చేరే దారినీ కలిపేసి ఒకటే ముద్ద చేస్తున్నాయి.

టార్చి వెలుగు, పసుపు అంటిన చేయి

రేడియేషన్ అంటే ఒకచోట నుంచి బయల్దేరి ఇంకోచోటికి చేరే శక్తి. కిరణంగానో, అతి చిన్న కణంగానో ప్రయాణిస్తుంది. టార్చిలైటు వెలుగు లాంటిది. మీ ముఖం మీద పడుతుంది, స్విచ్ ఆపితే పోతుంది. మీ ముఖం టార్చిలైటుగా మారదు.

రేడియోధార్మిక పదార్థం అలా కాదు. అది వస్తువు. తనంతట తాను, ఏ స్విచ్చూ లేకుండా, కిరణాలు విసిరే అణువులున్న వస్తువు (ఈ వ్యాసంలో అణువు అంటే పరమాణువే). అది పొడిగానో, ద్రవంగానో, వాయువుగానో ఉంటే పసుపులా అంటుకుంటుంది. పసుపు చేత్తో తలుపు పట్టుకుంటే తలుపుకు, ఆ తలుపు పట్టుకున్నవాడి చేతికి, ఆ చేతి నుంచి అన్నంలోకి. అణుశాస్త్రం తెలిసినవాళ్లు మొదటిదాన్ని కిరణాలకు గురికావడం అంటారు, రెండోదాన్ని కాలుష్యం అంటారు. రెంటికీ జాగ్రత్తలు వేరు, ప్రమాదాలు వేరు.

బాబాయి మీద పడింది టార్చి వెలుగు. సీటీ స్కాన్‌లో ఉండే ఎక్స్‌రే గొట్టం కరెంటుతో పనిచేసే యంత్రం, కరెంటు ఆగిన క్షణమే కిరణాలూ ఆగిపోయాయి. ఆయన ఒంట్లో ఏమీ మిగల్లేదు. పిన్ని మాత్రం పదార్థాన్నే మింగింది. ఆమె కొన్నాళ్లపాటు దీపమూ అయింది, పసుపు చేయీ అయింది. ఒంట్లోంచి గామా కిరణాలు బయటికి వస్తాయి కాబట్టి దూరం అవసరమైంది. చెమటలో, ఉమ్మిలో, మూత్రంలో అయోడిన్ పోతుంది కాబట్టి కంచమూ బాత్రూమూ విడిగా పెట్టాల్సి వచ్చింది.

కిరణం తగిలిన వస్తువు తాను రేడియోధార్మికం కాదన్నదానికి ఒక ముఖ్యమైన మినహాయింపు ఉంది. న్యూట్రాన్ల ధార తగిలితే మామూలు వస్తువు కూడా రేడియోధార్మికంగా మారగలదు. అది ప్రధానంగా అణు రియాక్టరు లోపలి సంగతి. ఎక్స్‌రే గదిలోనో, స్కానింగ్ సెంటర్లోనో జరిగేది కాదు.

సెల్ టవర్ ప్రశ్న కూడా ఇక్కడే తేల్చేస్తాను. అణువులోంచి ఎలక్ట్రాన్‌ని ఊడగొట్టేంత శక్తి ఉన్న కిరణాలను అయనీకరణ కిరణాలంటారు. డీఎన్‌ఏని విరిచే బలం వాటికుంది. మొబైల్ సిగ్నల్‌లో ఒక్కో కాంతికణం శక్తి అందుకు కావలసినదానిలో లక్షో వంతు కూడా ఉండదు. అది కణజాలాన్ని కాస్త వేడి చేయగలదు, అంతవరకే రుజువైంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2011లో దాన్ని ‘క్యాన్సర్ కారకం కావచ్చు’ అన్న వర్గంలో పెట్టింది కాబట్టి చర్చ పూర్తిగా ముగిసిందని అనలేం. కానీ యురేనియం, కోబాల్టు, ఎక్స్‌రే ఉన్న గాటన టవర్‌ని కట్టడం మాత్రం పొరపాటు. ఇకపై ఈ వ్యాసంలో రేడియేషన్ అన్నచోటల్లా అయనీకరణ కిరణాలనే అనుకోండి.

కేంద్రకం ఎందుకు విరుగుతుంది

అణువు మధ్యలో కేంద్రకం, అందులో ప్రోటాన్లూ న్యూట్రాన్లూ ఉంటాయని పదో తరగతిలో చదువుకున్నాం. ప్రోటాన్లన్నీ ధనావేశాలు, ఒకదాన్నొకటి తోసుకుంటాయి. అయినా అవి కలిసి ఉంటున్నాయంటే కేంద్రక బలం వల్లే. ఆ బలం చాలా గట్టిది, కానీ దాని చేతులు పొట్టివి. పక్కనున్నదాన్ని పట్టుకోగలదు, అవతలి కొసనున్నదాన్ని పట్టుకోలేదు. తోపుడు బలానికి అలాంటి హద్దు లేదు. కేంద్రకం పెద్దదయ్యేకొద్దీ పట్టుకునే బలం వెనకబడుతుంది, తోసే బలం పైచేయి అవుతుంది. న్యూట్రాన్లు మధ్యలో చేరి కొంత సర్దుబాటు చేస్తాయి. అయినా 82 ప్రోటాన్లున్న సీసం దాటాక పూర్తిగా నిలకడైన మూలకం ఒక్కటీ లేదు. చిన్న కేంద్రకాల్లో కూడా న్యూట్రాన్లు మరీ ఎక్కువైనా తక్కువైనా అవస్థే.

ఒకే మూలకంలో న్యూట్రాన్ల సంఖ్య మారితే వాటిని ఐసోటోపులంటాం. పేరు పక్కనుండే అంకె ప్రోటాన్లు, న్యూట్రాన్లు కలిపిన లెక్క. మన ఉప్పులో వేసే అయోడిన్-127 పూర్తిగా నిలకడైనది. పిన్ని మింగిన అయోడిన్-131లో నాలుగు న్యూట్రాన్లు ఎక్కువ. థైరాయిడ్ గ్రంథి ఈ రెంటికీ తేడా కనిపెట్టలేదు. ఉప్పులోదాన్ని ఎలా పీల్చుకుంటుందో దీన్నీ అలాగే పీల్చుకుంటుంది. వైద్యమంతా ఆధారపడింది ఈ ఒక్క పొరపాటు మీదే.

నిలకడ లేని కేంద్రకం ఏదో ఒక క్షణంలో కొంత విసిరేసి సర్దుకుంటుంది. దాన్నే క్షయం అంటారు.

మూడు కిరణాలు, మూడు స్వభావాలు

1896లో పారిస్‌లో హెన్రీ బెకరెల్ యురేనియం లవణాన్ని, నల్ల కాగితం చుట్టిన ఫోటో పలకను కలిపి సొరుగులో పెట్టారు. ఎండ తగలకపోయినా పలక మీద మచ్చ పడింది. రెండేళ్లకు మేరీ క్యూరీ, పియరీ క్యూరీ దీనికి రేడియోధార్మికత అని పేరు పెట్టారు. 1899లో రూథర్‌ఫర్డ్ ఇందులో రెండు రకాలున్నాయని చూపి ఆల్ఫా, బీటా అన్నారు. మరుసటేడు విల్లార్ కనిపెట్టిన మూడోది గామా అయింది.

ఆల్ఫా అంటే రెండు ప్రోటాన్లు, రెండు న్యూట్రాన్ల మూట. బరువైనది, మొద్దుది. గాలిలో కొన్ని సెంటీమీటర్లు పోయేసరికి ఆగిపోతుంది. ఒక కాగితం చాలు, మన చర్మం మీది మృతకణాల పొర చాలు. అందుకే యురేనియం రాయిని ఒకసారి చేత్తో పట్టుకుంటే ఎవరూ చావరు. ‘అయితే భయమేమీ లేదు’ అనేవాళ్లు సరిగ్గా ఇక్కడే ఆగిపోతారు. తనకున్న శక్తినంతా ఆ కొద్ది దూరంలోనే కుమ్మరించేస్తుంది కాబట్టి ఆల్ఫా వదిలే ధూళి ఊపిరితిత్తుల్లోకో, పేగుల్లోకో చేరితే దానంత నష్టం ఇంకేదీ చేయదు. అక్కడ మృతచర్మం పొర లేదు, బతికున్న కణాలే ఉన్నాయి. 2006లో లండన్‌లో మాజీ రష్యా గూఢచారి అలెగ్జాండర్ లిత్వినెంకోను చంపింది ఆల్ఫా వదిలే పొలోనియం-210. అది కలిసిన టీ తాగాక మూడు వారాలకు ఆయన చనిపోయారు. ఆల్ఫా గాజుసీసా గోడ కూడా దాటదు కాబట్టి మామూలు రేడియేషన్ పరికరాలకు అది చిక్కడం కష్టం.

బీటా అంటే కేంద్రకం నుంచి దూసుకొచ్చే ఎలక్ట్రాన్. కేంద్రకంలో ఒక న్యూట్రాన్ ప్రోటాన్‌గా మారినప్పుడు పుడుతుంది. గాలిలో కొన్ని మీటర్లు పోగలదు, కొద్ది మిల్లీమీటర్ల అల్యూమినియం రేకు ఆపేస్తుంది. అయోడిన్-131 చేసే వైద్యం బీటాతోనే. అది కణజాలంలో సగటున మిల్లీమీటరు కూడా పోదు. థైరాయిడ్ కణాలు కాలిపోతాయి, పక్కనున్న గొంతు నిలుస్తుంది.

గామా కణం కాదు, కిరణం. ఆల్ఫానో బీటానో విసిరాక కేంద్రకంలో మిగిలిన అదనపు శక్తి ఇలా బయటపడుతుంది. ఎక్స్‌రేకు దగ్గరి చుట్టం. శరీరం గుండా దూసుకుపోతుంది, ఆపడానికి సీసమో, మందపాటి కాంక్రీటో కావాలి. అదైనా పూర్తిగా ఆపదు, సగానికి సగం తగ్గిస్తూ పోతుంది. కోబాల్టు-60 గామాను సగం చేయడానికి సుమారు 12 మిల్లీమీటర్ల సీసం కావాలి. అంతే మందం ఇంకోటి పెడితే పావు వంతు, పది పొరలు పెడితే 1,024లో ఒక వంతు. దూరం కూడా రక్షణే. మీటరు దూరంలో ఉన్నవాడు మూడు మీటర్లకు జరిగితే తగిలేది తొమ్మిదో వంతు. క్యాప్సూల్ ఇచ్చినావిడ చప్పున వెనక్కి జరిగింది అందుకే. ఆమెకు అది రోజూ పని. రోజుకు ఇన్నిసార్లు, ఏడాదికి ఇన్ని రోజులని లెక్క వేసుకుంటే ఆ రెండడుగులు చిన్నవి కావు.

చింతపిక్కలతో అర్ధాయువు

అష్టాచెమ్మా ఆడేటప్పుడు చింతపిక్కల్ని అరగదీసి ఒకవైపు తెల్లగా చేస్తాం కదా. అలాంటివి 1,024 ఉన్నాయనుకోండి. అన్నీ ఒక్కసారి విసిరి, తెల్లవైపు పైకి పడ్డవాటిని ఏరి పక్కన పెట్టండి. దాదాపు 512 మిగులుతాయి. మళ్లీ విసిరితే 256, ఆపైన 128, 64. పదిసార్లు విసిరేసరికి ఒకటి మిగలొచ్చు, రెండు మిగలొచ్చు, ఏదీ మిగలకపోవచ్చు. రేడియోధార్మిక క్షయం ఇదే ఆట. ఒక విసురుకీ ఇంకో విసురుకీ మధ్య కాలమే అర్ధాయువు, అంటే ఉన్న అణువుల్లో సగం మారిపోవడానికి పట్టే కాలం.

ఈ ఆటలో గమనించాల్సినవి రెండున్నాయి. ఏ పిక్క ఎప్పుడు తెల్లవైపు పడుతుందో ఎవరూ చెప్పలేరు, కానీ గుంపు మొత్తం ఎలా తగ్గుతుందో చాలా ఖచ్చితంగా చెప్పగలరు. ఒక గ్రాములో అణువులు కోటానుకోట్లు కాబట్టి ఆ ఖచ్చితత్వం ఇంకా పెరుగుతుంది. రెండోది, పిక్కకు ముసలితనం లేదు. తొమ్మిదిసార్లు తప్పించుకున్నది పదోసారి పడే అవకాశం కూడా సగమే. భూమి పుట్టినప్పటి నుంచి ఉన్న యురేనియం అణువు ఈ రోజు క్షయమయ్యే అవకాశం నిన్న ఎంతో నేడూ అంతే. అందుకే ‘రెండు అర్ధాయువులు గడిస్తే మొత్తం పోతుంది’ అన్న లెక్క తప్పు. రెండు గడిస్తే పావు వంతు మిగులుతుంది.

ఇక్కడ వేడి, చలి, ఒత్తిడి, రసాయన చర్య ఏవీ పనిచేయవు. కాల్చినా, నానబెట్టినా, ఆమ్లంలో కరిగించినా క్షయం తన వేగంతోనే నడుస్తుంది. పదార్థాన్ని ఒకచోటి నుంచి ఇంకోచోటికి జరపగలం, పలుచన చేయగలం, కప్పి ఉంచగలం. రేడియోధార్మిక వ్యర్థాల మీద ప్రపంచంలో జరిగే వాదాలన్నిటికీ మూలం ఇదే.

అర్ధాయువు తక్కువైతే తీవ్రత ఎక్కువ

‘450 కోట్ల ఏళ్ల దాకా రేడియేషన్ పోదు’ అనే మాట యురేనియం గురించి తరచూ వింటాం. అంకె దాదాపు సరైనదే, యురేనియం-238 అర్ధాయువు 447 కోట్ల ఏళ్లు. కానీ అంత నెమ్మదిగా అయిపోతోందంటే, ఒక్కో సెకనులో మారే అణువులు అంత తక్కువన్నమాట. ఒక గ్రాము యురేనియం-238లో సెకనుకు సుమారు 12,400 అణువులు క్షయమవుతాయి. ఒక గ్రాము రేడియం-226, అర్ధాయువు 1,600 ఏళ్లు, సెకనుకు 3,700 కోట్లు. ఒక గ్రాము అయోడిన్-131, అర్ధాయువు 8 రోజులు, సెకనుకు దాదాపు 46 కోట్ల కోట్లు. గడ్డిమంటకు, ఊక కుంపటికి ఉన్న తేడా ఇది.

పిన్నికి ఇచ్చింది 100 మిల్లీక్యూరీలు, అంటే సెకనుకు 370 కోట్ల క్షయాలు. అందులో అసలు అయోడిన్-131 బరువు మైక్రోగ్రాము కన్నా తక్కువ, గ్రాములో పదిలక్షల వంతు కూడా లేదు. అంత చిన్నదానికి అంత బరువైన సీసపు డబ్బా.

ఇప్పుడు లెక్క. క్షయం ఒక్కటే ఉంటే 8 రోజులకు 50 మిల్లీక్యూరీలు, 16 రోజులకు 25, 24 రోజులకు 12.5, 80 రోజులకు 0.1 మిల్లీక్యూరీ మిగలాలి. మరి మూడో రోజే ఇంటికెలా పంపారు? శరీరం ఊరుకోదు కాబట్టి. థైరాయిడ్ తీసేసిన మనిషిలో అయోడిన్‌ని పట్టి ఉంచే చోటు ఎక్కువ లేదు, మూత్రంలో త్వరగా పోతుంది. శరీరం సగాన్ని రెండు రోజుల్లో బయటికి పంపేస్తుందనుకుందాం. అప్పుడు రెండు దారులూ కలిసి పనిచేస్తాయి: ఎనిమిదిలో ఒకటి, రెండులో ఒకటి కలిపితే ఎనిమిదిలో అయిదు. దాన్ని తిరగేస్తే 1.6 రోజులు. మూడు రోజులకు మిగిలేది దాదాపు 27 శాతం, 16 రోజులకు 1,024లో ఒక వంతు. నీళ్లు బాగా తాగమని నర్సు గంటగంటకూ ఫోన్ చేసి గుర్తుచేసింది ఇందుకే. పిన్ని మాత్రం, ‘‘కనిపించదుగానీ చంపేస్తోంది ఈ పిల్ల నీళ్లు తాగమని’’ అని గది ఫోన్లోంచి నాతో మొరపెట్టుకుంది.

వైద్యంలో పొట్టి అర్ధాయువులకు అంత గిరాకీ అందుకే. గుండె, ఎముకల స్కానింగుల్లో వాడే టెక్నీషియం-99ఎమ్ అర్ధాయువు 6 గంటలు. ఉదయం ఇస్తే మర్నాటి ఉదయానికి పదహారో వంతు. ఇంత త్వరగా అయిపోయేదాన్ని నిల్వ చేయలేరు కాబట్టి 66 గంటల అర్ధాయువున్న మాలిబ్డినం-99ని ఆస్పత్రికి తెప్పించుకుని, దాన్నుంచి పుడుతున్న టెక్నీషియాన్ని రోజూ కడిగి తీస్తారు. ఆ పరికరాన్ని ఆ రంగంలోవాళ్లు ఆవు అంటారు, తీయడాన్ని పాలు పితకడం అంటారు.

పర్సులో పెట్టుకున్న కోబాల్టు, ఒంటికి రాసుకున్న సీజియం

2010లో ఢిల్లీ మాయాపురి పాతఇనుము మార్కెట్‌కు ఒక పాత గామా యంత్రం చేరింది. ఢిల్లీ విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో 1985 నుంచి వాడకుండా పడివుండి, ఆ ఫిబ్రవరిలో వేలంలో అమ్ముడైన యంత్రమది. పనివాళ్లు సీసపు తొడుగు విప్పారు. లోపల కోబాల్టు-60 కడ్డీలు. మెరుస్తున్న ఒక ముక్కను ఒకాయన పర్సులో పెట్టుకుని జేబులో తిప్పారు. ఒంటికి తగిలినచోట కాలిన పుండు పడింది. పలువురు ఆస్పత్రి పాలయ్యారు, ఒకరు చనిపోయారు.

1985 నుంచి 2010 దాకా 25 ఏళ్లు. కోబాల్టు-60 అర్ధాయువు 5.27 ఏళ్లు. అంటే 4.7 సార్లు సగమైంది, 27లో ఒక వంతు మిగిలింది. పాతబడింది, పనికిరాదని మూలన పడేశాక కూడా మనిషిని చంపడానికి ఆ ఒక్క వంతు చాలింది.

1987లో బ్రెజిల్‌లోని గొయానియాలో జరిగింది ఇంకో తీరు. మూతపడ్డ ఒక క్లినిక్‌లో వదిలేసిన యంత్రాన్ని ఎత్తుకెళ్లి విప్పారు. అందులో ఉన్నది లోహం కాదు, సీజియం-137 ఉప్పు పొడి. చీకట్లో నీలంగా వెలిగింది. బంధువులకు పంచుకున్నారు, ఒంటికి రాసుకున్నారు. ఆరేళ్ల పాప ఆ పొడి అంటిన చేతుల్తోనే తింది. ఆ పాపతో కలిపి నలుగురు చనిపోయారు. లక్షా 12 వేల మందిని పరీక్షిస్తే 249 మందికి పొడి అంటినట్టు తేలింది. ఇళ్లు పడగొట్టి, మట్టి తవ్వి తరలించాల్సి వచ్చింది.

మాయాపురిలో ప్రధానంగా కిరణాలు తగిలాయి, గొయానియాలో పదార్థమే ఊరంతా పాకింది. పర్సులో ముక్క పెట్టుకున్న మనిషిని ముట్టుకుంటే మీకేమీ కాదు, ఆ ముక్క తీసేస్తే చాలు. సీజియం పొడి అంటిన మనిషిని ముట్టుకుంటే అది మీకూ అంటుతుంది. రెంటినీ కలిపి ‘రేడియేషన్ లీక్’ అని ఒకే శీర్షిక పెట్టడం వల్ల చికిత్స అవసరమైన బాధితులను కూడా అంటరానివాళ్లలా చూసే పరిస్థితి వస్తుంది. ఇది నన్ను నిజంగా బాధపెట్టే విషయం.

బెకరెల్, గ్రే, సీవర్ట్: దీపావళి లెక్క

వార్తల్లో ఈ మూడు పేర్లూ కలగాపులగంగా వస్తాయి. దీపావళి రాత్రి వీధిలో సెకనుకు ఎన్ని టపాసులు పేలుతున్నాయన్నది బెకరెల్, అంటే సెకనుకో క్షయం. వాటి దెబ్బలో మీ ఒంటికి చేరిన శక్తి ఎంతన్నది గ్రే. ఏ రకం టపాసు, తగిలింది అరికాలికా కంటికా అన్నది కూడా లెక్కలోకి తీసుకుని హాని అంచనా వేస్తే అది సీవర్ట్. అదే శక్తి ఆల్ఫా రూపంలో తగిలితే గామాకన్నా 20 రెట్ల హానిగా లెక్కిస్తారు.

అరటిపండులో సెకనుకు సుమారు 15 క్షయాలు, అందులోని పొటాషియం-40 వల్ల. మన ఒంట్లోని పొటాషియం నుంచే సెకనుకు నాలుగు వేలకు పైగా. ఒంట్లో పొటాషియం ఎంతుండాలో శరీరమే సరిచూసుకుంటుంది కాబట్టి ఇంకో పండు తింటే ఆ అంకె నిలకడగా పెరిగిపోదు. పొలోనియానికీ రేడియానికీ అలాంటి కాపలా లేదు. రేడియం కాల్షియంలా నటించి ఎముకలో చేరి కూర్చుంటుంది. అరటిపండు పోలికతో యురేనియం చర్చను ముగించేవాళ్లు ఈ తేడాను వదిలేస్తున్నారు.

ప్రకృతి నుంచి మనిషికి తగిలేది ప్రపంచ సగటున ఏడాదికి 2.4 మిల్లీసీవర్టులు. ఛాతీ ఎక్స్‌రేతో 0.1 లేదా అంతకన్నా తక్కువ. కడుపు సీటీ స్కాన్‌తో సుమారు 8 నుంచి 10. అణు కేంద్రాల కారణంగా సామాన్య ప్రజలకు తగిలేది ఏడాదికి 1 మిల్లీసీవర్టు దాటకూడదని మన దేశంలో అణుశక్తి నియంత్రణ మండలి నియమం. ఒంటి మొత్తానికి ఒక్కసారిగా 1,000 తగిలితే వాంతులతో జబ్బు పడతారు, 4,000 ప్రాంతంలో చికిత్స అందకపోతే సగం మంది బతకరు.

పెద్ద మోతాదుల గురించి తగాదా లేదు. తగాదా అంతా చిన్న మోతాదుల దగ్గరే. అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ కమిషన్ పద్ధతి ప్రకారం ఎంత తక్కువైనా అంతకు తగ్గ ముప్పు ఉంటుంది, సున్నా అయ్యే హద్దు లేదు. సీవర్టుకు సుమారు 5 శాతం క్యాన్సర్ ముప్పు అని తీసుకుంటే, 10 మిల్లీసీవర్టుల స్కాన్‌కు 2,000 మందిలో ఒకరు. 2006లో అమెరికా జాతీయ అకాడమీల నివేదిక ఈ పద్ధతినే బలపరిచింది. ఫ్రాన్స్, బ్రిటన్, అమెరికాల్లో మూడు లక్షల మందికి పైగా అణు కార్మికులను పరిశీలించిన అధ్యయనం కూడా మోతాదు పెరిగేకొద్దీ క్యాన్సర్ మరణాలు పెరిగినట్టు చూపింది.

అవతలి వాదం కూడా తేలికైనది కాదు. 2005లో ఫ్రెంచి అకాడమీలు చిన్న మోతాదుల్లో కణం తన డీఎన్‌ఏని తానే బాగుచేసుకుంటుందని, మోతాదుకు తగ్గట్టే ముప్పు అనే ఈ సరళరేఖ లెక్క దాన్ని ఎక్కువ చేసి చూపుతోందని అన్నాయి. మన పక్కనే కేరళలో కరునాగపల్లి తీరం ఉంది. అక్కడి మోనజైట్ ఇసుకలోని థోరియం వల్ల కొన్నిచోట్ల సహజ రేడియేషన్ ప్రపంచ సగటుకు అనేక రెట్లు. దాదాపు 70 వేల మందిని పదేళ్లకు పైగా గమనించి 2009లో ప్రచురించిన అధ్యయనంలో, దానివల్ల క్యాన్సర్ పెరిగినట్టు కనబడలేదు. భీమిలి తీరంలోని నల్ల ఇసుకలోనూ ఆ మోనజైటే ఉంది.

నాకు తోచినంతలో, ఈ రెండు అధ్యయనాలూ ఒకదాన్నొకటి కొట్టివేయవు. మామూలుగానే ఎంతోమందికి వచ్చే జబ్బులో 2,000కి ఒకటి చొప్పున పెరుగుదలను పట్టుకోవడానికి లక్షల మంది, దశాబ్దాల కాలం కావాలి. బాబాయి స్కాన్ విషయంలో మాత్రం ఈ చర్చ అక్కర్లేదు. అపెండిక్స్ పగిలేలా ఉందని ఆ స్కానే చెప్పింది.

యురేనియం సంతతి, తుమ్మలపల్లె చెరువు

యురేనియం-238 ఒక్క గెంతుతో నిలకడ పొందదు. అది థోరియం-234 అవుతుంది, అది ప్రొటాక్టినియం, అది యురేనియం-234, థోరియం-230, రేడియం-226, రేడాన్-222, ఆపైన పొలోనియం, సీసం, బిస్మత్ రూపాలు మార్చుకుంటూ 14 మెట్లు దిగి సీసం-206 దగ్గర ఆగుతుంది. కూడికతో సరిచూసుకోవచ్చు. ఎనిమిది ఆల్ఫాలు ఒక్కోటి 4 చొప్పున 32 తీసుకెళతాయి: 238లో 32 పోతే 206. ప్రోటాన్లు 92లో ఎనిమిది రెళ్లు 16 పోతే 76, ఆరు బీటాలు ఒక్కోటి ఒక ప్రోటాన్‌ని చేరుస్తాయి: 82. అదే సీసం.

ఈ వంశంలో రేడాన్ ఒక్కటే వాయువు. తాతముత్తాతలు రాయిలో ఘనపదార్థాలుగా కదలకుండా ఉంటే, ఇది పగుళ్లలోంచి గాలిలోకి వస్తుంది. అర్ధాయువు 3.8 రోజులే. దాని పిల్లలు ధూళికి అంటుకుని ఊపిరితిత్తుల్లో చేరి ఆల్ఫాలు వదులుతాయి. చాలా దేశాల్లో పొగతాగడం తర్వాత ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు ముఖ్య కారణం రేడానే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. గనిలో గాలి మార్పిడికి అంత ప్రాధాన్యం అందువల్లే.

ఇక కడప జిల్లా వేముల మండలం తుమ్మలపల్లె. 2012 నుంచి యురేనియం కార్పొరేషన్ అక్కడ ఖనిజం తవ్వి శుద్ధి చేస్తోంది. టన్ను రాయిలో యురేనియం అరకిలో కూడా ఉండదు. మిగతాదంతా బురదగా మారి వ్యర్థాల చెరువులోకి పోతుంది. యురేనియం తీసేశాక ఇక అది మామూలు బురదే కదా అనిపిస్తుంది. వంశవృక్షం అలా చెప్పడం లేదు. రసాయనాలు యురేనియాన్ని మాత్రమే లాగుతాయి, థోరియం-230, రేడియం-226 చాలావరకు బురదలోనే ఉండిపోతాయి. ఖనిజంలోని రేడియోధార్మికతలో దాదాపు 85 శాతం చెరువుకే చేరుతుంది. అక్కడ రేడియం 1,600 ఏళ్లకు సగమవుతుంది, కానీ దాని తల్లి థోరియం-230 అక్కడే ఉండి కొత్త రేడియాన్ని పుట్టిస్తూ ఉంటుంది. థోరియం-230 అర్ధాయువు 75 వేల ఏళ్లు. చెరువు గడియారం నడిచేది దాని లెక్క మీద.

చెరువుకు దగ్గర్లోని కొట్టాల రైతులు బోరు నీళ్లు మారాయని, అరటితోటలు దెబ్బతిన్నాయని ఏళ్ల తరబడి చెబుతున్నారు. తమ వల్ల కాదని, ఆ ప్రాంతపు రాళ్లలోనే యురేనియం ఉంది కాబట్టి నీళ్లలో ఉండడం సహజమేనని సంస్థ వాదన. శాస్త్రం దృష్టిలో రెండూ సాధ్యమే. యురేనియం రాళ్ల మీదుగా వచ్చిన భూగర్భజలంలో తవ్వకాలు లేకపోయినా అది ఉంటుంది. చెరువు అడుగు పొర సరిగా లేకపోయినా అది భూమిలోకి దిగుతుంది. తాగేనీటిలో యురేనియం వల్ల మొదటి చింత క్యాన్సర్ కూడా కాదు, కిడ్నీలు. సీసంలా అదీ ఒక భారలోహం, రసాయనికంగానే విషం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లీటరుకు 30 మైక్రోగ్రాములను హద్దుగా సూచిస్తే, మన అణుశక్తి నియంత్రణ మండలి హద్దు 60. ఒకే బోరు నీళ్లు 45 చూపిస్తే ఒక లెక్కలో పనికిరావు, ఇంకో లెక్కలో తాగొచ్చు. ఎవరి పక్షాన ఎవరు మాట్లాడుతున్నా, ముందు అడగాల్సిన అంకె ఇది కాదు. గని మొదలుకాక ముందు అదే బోరులో ఎంతుండేది, ఆ తర్వాత ఏటేటా ఎంతైంది, నీళ్లలో యురేనియం ఒక్కటే పెరిగిందా, చెరువులోని సోడా ఉప్పులు కూడా దానితో పాటు వచ్చాయా అన్నది. తుమ్మలపల్లెలో ఖనిజాన్ని కరిగించేది ఆమ్లంతో కాదు, సోడా క్షారంతో. ఆ సోడా జాడ బోరులో కనబడితే నీళ్లు ఏ దారిన వచ్చాయో అదే చెబుతుంది.